పేరు పక్కన ఆ ఊరి పేరూ ఉండాలి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ విమానాల్లో ఎగిరిన ప్రతి మనిషి దగ్గరా ఒక లాగ్ బుక్కు ఉండేది. గట్టి అట్ట, లోపల గళ్లు గీసిన పేజీలు. తేదీ, బయల్దేరిన వేళ, విమానం నంబరు, పైలట్ పేరు, అందులో తన పని, చివరి గడిలో గాలిలో గడిపిన గంటలు. రాత్రి దాడులను ఎర్ర సిరాతో రాసుకోవడం అలవాటు. ఆ ఎర్ర వరుసల్లో వర్ణనలేమీ ఉండవు. ‘ఆపరేషన్స్, ఎస్సెన్’. ‘ఆపరేషన్స్, బెర్లిన్’. అంతే. తిరిగి రాని రాత్రి తాలూకు వరుసను మాత్రం ఆ మనిషి రాయలేదు. స్క్వాడ్రన్ ఆఫీసులో మరొకరు, మరో దస్తూరితో, ‘తిరిగి రాలేదు’ అని పూర్తిచేశారు. యుద్ధం ముగిశాక కొన్ని పుస్తకాలు తల్లిదండ్రులకు చేరాయి. ఎవరూ అడగనివి ప్రభుత్వం దగ్గరే పడి ఉండి, 1960 తర్వాత చాలా వరకు ధ్వంసమయ్యాయి. చేరిన వాటిని ఇవాళ మనవలు, మేనల్లుళ్లు, మునిమనవరాళ్లు ట్రంకు పెట్టెల్లోంచి తీసి చదువుతున్నారు. వాళ్లు ఆ పుస్తకంలో ఏ గడి చదువుతున్నారు, ఏ గడి దాటేస్తున్నారు అన్నదే ఈ వ్యాసం విషయం.

ఆ విమానాలను నడిపిన బాంబర్ కమాండ్‌లో సుమారు లక్షా పాతిక వేల మంది విమాన సిబ్బందిగా పనిచేశారు. అందరూ తమంతట తాము ఎగరడానికి ముందుకొచ్చినవాళ్లే. 55,573 మంది చనిపోయారు. నూటికి నలభై నాలుగు మంది. గాయపడినవాళ్లనూ శత్రువుకు చిక్కినవాళ్లనూ కలిపితే ఏ దెబ్బా తగలకుండా బయటపడింది సగం కంటే తక్కువే. 1944 మార్చి 30 రాత్రి నూరెంబర్గ్ మీదికి వెళ్లిన 795 విమానాల్లో 95 తిరిగి రాలేదు. ఆ ఒక్క రాత్రే 545 మంది పోయారు. సగటు వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పోలండ్, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లూ ఇందులో ఉన్నారు. ఇంత నష్టం జరిగిన దళం గురించి దేశం చాలాకాలం పెదవి విప్పలేదు. జ్ఞాపకాన్ని మోసింది కుటుంబాలే. అందుకే, కుటుంబాలు ఏం గుర్తుపెట్టుకుంటే రేపటికి అదే చరిత్ర. మనిషి ఎలా చనిపోయాడన్న దాంతో ఆ జ్ఞాపకం ఆగిపోకూడదని, ఆ రాత్రి అతను ఎక్కడికి, ఎందుకు వెళ్లాడో కూడా అందులో ఉండాలని నా వాదన. లాగ్ బుక్కులో మనిషి పేరు పక్కనే ఊరి పేరు ఉంది. జ్ఞాపకంలోనూ ఉండాలి.

దేశం ఎందుకు మౌనంగా ఉందో ముందు చూడాలి. 1941 ఆగస్టులో దాడుల ఫలితాల మీద వచ్చిన బట్ నివేదిక ఒక చేదు నిజం బయటపెట్టింది. లక్ష్యం మీద బాంబులు వేసి వచ్చామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటి మాత్రమే ఆ లక్ష్యానికి అయిదు మైళ్ల లోపుకు వెళ్లగలిగింది. చీకట్లో ఒక కర్మాగారాన్ని గురిచూసి కొట్టే సాధనాలు అప్పటికి లేవు. 1942 ఫిబ్రవరిలో విధానమే మార్చారు. కర్మాగారం బదులు దాని చుట్టూ ఉన్న నగరం, ఆ కర్మాగారంలో పనిచేసేవాళ్లు నివసించే పేటలు లక్ష్యమయ్యాయి. 1943 జులై చివర్లో హాంబర్గ్‌లో రేగిన అగ్ని తుఫానులో 35 వేల మందికి పైగా కాలిపోయారు, ఊపిరాడక చనిపోయారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో మృతుల సంఖ్య 25 వేల దాకా ఉంటుందని ఆ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం తేల్చింది. ఆ తర్వాత ఆరు వారాలకు, 1945 మార్చి 28న, భయోత్పాతం కోసం నగరాలను బాంబులతో కొట్టే విధానాన్ని పునరాలోచించాలంటూ చర్చిల్ స్వయంగా ఒక నోట్ రాశాడు. సైనికాధికారులు అభ్యంతరం చెబితే దాన్ని వెనక్కి తీసుకుని మాటలు మెత్తబరిచి మళ్లీ రాశాడు. మే 13 విజయ ప్రసంగంలో జర్మనీ మీద బాంబర్ల దాడుల ప్రస్తావన దాదాపు లేదు. ఈ దళానికి విడిగా యుద్ధ పతకం ఇవ్వలేదు. పతకానికి తగిలించే చిన్న పట్టీ మంజూరై చేతికందేసరికి 2013 వచ్చింది. లండన్ గ్రీన్ పార్క్‌లో స్మారకం లేచింది 2012 జూన్‌లో, అదీ విరాళాలతో. ఆజ్ఞ ఇచ్చిన ప్రభుత్వం ఆ ఆజ్ఞ పాలించినవాళ్ల నుంచి ముఖం తిప్పుకుంది. ఇది అన్యాయమే. కుటుంబాల కోపానికి న్యాయమైన కారణం ఉందని ఒప్పుకున్న తర్వాతే వాళ్లను మరో ప్రశ్న అడిగే అర్హత మనకు వస్తుంది.

జ్ఞాపకాన్ని కుటుంబాలే మోయడానికి ఇంకో కారణం, ఇంతకంటే లోతైనది, చాలామందికి సమాధి లేకపోవడం. మన ఊళ్లలోనూ ఒకప్పుడు తంతి వచ్చిందంటే గుండె జారిపోయేది. అక్కడ ఆ రోజుల్లో వచ్చిన తంతి చావు కబురు కూడా తిన్నగా చెప్పలేదు. ‘కనబడటం లేదు’ అని మాత్రమే చెప్పింది. నెలల తర్వాత ‘చనిపోయినట్టు భావిస్తున్నాం’ అని మరో కాగితం. యుద్ధం చివర్లో రాయల్ ఎయిర్ ఫోర్స్ గల్లంతైనవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టి, నలభై వేల మందికి పైగా జాడ వెతకడానికి అధికారులను యూరప్ అంతటా తిప్పింది. ఊరి పెద్దలను, చర్చి కాటికాపరులను, శిథిలాలు ఏరిన రైతులను అడిగి, గుర్తు తెలియని గుంతలు తవ్వించి, బట్టల మీద చాకలి గుర్తులు కూడా చూసి పేర్లు పట్టుకున్నారు. అయినా దొరకనివాళ్లు మిగిలారు. లండన్ దగ్గర రన్నీమీడ్‌లో 1953లో ఆవిష్కరించిన స్మారకం గోడల మీద సమాధి తెలియని వైమానికుల పేర్లు ఇరవై వేలకు పైగా ఉన్నాయి. మన సంప్రదాయంలో శరీరం దొరకని చావుకు మోదుగతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది. మనిషికి ఏదో ఒక రూపం ఇచ్చి సాగనంపకపోతే ఇంట్లోవాళ్లకు దుఃఖం తెమలదని మన పెద్దలకు తెలుసు. ఆ తల్లులకు అలాంటి దారి లేదు. దొరికిన ఫొటో, లాగ్ బుక్కు, కమాండింగ్ ఆఫీసరు రాసిన ఉత్తరం, వీటినే దాచుకున్నారు. ఆ దాచుకోవడంలోంచే ఈ తరం వెతుకులాట పుట్టింది.

ఈ వెతుకులాటకు ఒక గొప్ప గుణం ఉంది. అది ఒక్క మనిషి దగ్గర ఆగదు. లాంకాస్టర్ బాంబర్‌లో ఏడుగురు: పైలట్, ఫ్లయిట్ ఇంజినీరు, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, బాంబులు గురిచూసి వదిలేవాడు, నడినెత్తిన ఒక గన్నర్, తోక చివర మరో గన్నర్. తోక గన్నరు గంటల తరబడి గడ్డకట్టే చలిలో, మిగతా ఆరుగురికీ వీపు తిప్పి, ఒంటరిగా కూర్చునేవాడు. మంటలంటుకుంటే బయటపడటానికి ముందువైపున్న తలుపు వెడల్పు 22 అంగుళాలు. పారాచూట్ కట్టుకున్న మనిషి అందులోంచి దూరడం ఎంత కష్టమో, ఆ రోజుల్లో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయంలో లెక్కలు కట్టిన శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ తర్వాత రాశాడు. కూలిన హాలిఫాక్స్ బాంబర్ల నుంచి పాతిక శాతం మంది ప్రాణాలతో బయటపడితే, లాంకాస్టర్ల నుంచి పదిహేను శాతమే. తలుపు పెద్దది చేయడానికి ఏళ్లు పట్టింది. ఒకరి కథ తెలియాలంటే మిగతా ఆరుగురి కథలూ కావాలి. అందుకే ఒక ఇంటివాళ్లు మొదలుపెట్టిన వెతుకులాట కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఆరు ఇళ్ల తలుపు తడుతుంది. బ్రిటన్ జాతీయ పత్రాగారంలో ఉన్న స్క్వాడ్రన్ రికార్డు పుస్తకాలు తిరగేస్తే ఆ రాత్రి ఎంత ఎత్తున ఎగిరారో, ఎన్ని బాంబులు మోశారో కూడా తెలుస్తుంది. ఆ పేజీ మీదే లక్ష్యం పేరూ ఉంటుంది. వేలితో వరుస వెంట చదువుకుంటూ వెళ్తే దాన్ని తప్పించుకోలేరు.

దీనికి గ్రీన్ పార్క్ స్మారకం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ విమానం దిగి వచ్చిన ఏడుగురి కంచు విగ్రహాలుంటాయి, తొమ్మిదడుగుల ఎత్తున. వాళ్లలో కొందరు ఇంకా రానివాళ్ల కోసం ఆకాశం వైపు చూస్తుంటారు. వాళ్ల తల మీది కప్పులో వాడిన అల్యూమినియం ఒక హాలిఫాక్స్ విమానానిది. కెనడా స్క్వాడ్రన్‌కు చెందిన ఆ విమానం 1944 మే 12 రాత్రి బెల్జియంలో కూలి బురదనేలలో కూరుకుపోయింది. లోపల మిగిలిపోయిన ముగ్గురిని 1997లో బయటికి తీసి, గెరార్డ్స్‌బెర్గెన్‌లో సైనిక మర్యాదలతో, తోటి సిబ్బంది పక్కన పాతిపెట్టారు. యాభై మూడేళ్లకు ఆ ఇళ్లవాళ్లకు పువ్వు పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది. వింటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ విమానం ఆ రాత్రి వెళ్లింది లూవెన్ పట్టణ రైల్వే యార్డుల మీదికి. నార్మండీలో సైన్యం దిగబోయే ముందు జర్మన్ల రైలు దారులు తెంచడం దాని పని. యుద్ధపరంగా దాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ లూవెన్ శత్రు నగరం కాదు. జర్మన్ల ఆక్రమణ కింద నలుగుతూ విముక్తి కోసం ఎదురుచూస్తున్న బెల్జియం ఊరు. ఆ మే నెల దాడుల్లో అక్కడి పౌరులూ చనిపోయారు. బెల్జియం నేల ఆ ముగ్గురినీ యాభై మూడేళ్లు దాచి, గౌరవంగా అప్పగించింది. ఆ నేల మీదే ఆ దాడులకు పోయినవాళ్ల సమాధులూ ఉన్నాయి. ఈ రెండూ కలిపి చెబితేనే అది పూర్తి కథ. ఒకటి చెప్పి రెండోది విడిచిపెడితే, విడిచిన సగం కింద ఎవరిదో ఒక ఇల్లు ఉంటుంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం నేలమీది వైపు నుంచి వస్తుంది. నగరాలను తగలబెట్టినవాళ్లకు స్మారకాలేమిటి, వాళ్ల ఫొటోలకు దండలేమిటి అని. 1992లో బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్ విగ్రహాన్ని లండన్‌లో ఆవిష్కరించినప్పుడు నిరసనలు జరిగాయి, ఆ తర్వాత విగ్రహం మీద ఎర్ర రంగు పోశారు. జర్మనీలో బాంబు దాడులకు చనిపోయిన పౌరుల సంఖ్య మీద అంచనాలు మూడున్నర లక్షల నుంచి ఆరు లక్షల దాకా ఉన్నాయి. ఆ బాధను తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ విధానాన్ని అమలు చేయించిన అధిపతి వేరు, తోక టరెట్‌లో చలికి వణికిన ఇరవయ్యేళ్ల కుర్రాడు వేరు. లక్ష్యాన్ని అతను ఎంచుకోలేదు. ఆ సాయంత్రం బ్రీఫింగ్ గదిలో పటం మీద తెర తీసేదాకా ఎక్కడికి వెళ్తున్నాడో కూడా అతనికి తెలియదు. ఎగరనని భీష్మించినవాడి ఫైలు మీద ‘నైతిక స్థైర్యం లేదు’ అని ముద్ర వేసి, హోదా పీకి, అవమానించి పంపేవారు. పైగా లండన్ మీద, కోవెంట్రీ మీద, అంతకుముందు వార్సా, రోటర్‌డామ్‌ల మీద బాంబులు వేసింది హిట్లర్ వైమానిక దళమేనని మరచిపోకూడదు. ముప్పై ఆపరేషన్లు పూర్తయ్యేదాకా రోజూ చావుతో పందెం కాసిన ఆ కుర్రాణ్ని వాళ్ల ఇంట్లోవాళ్లు ఏడ్చి గుర్తుచేసుకోవడం బాంబు దాడిని సమర్థించడం కాదు. మరణించిన వాడికి ఇంటివాళ్లు తీర్చే బాకీ అది.

రెండో అభ్యంతరం గాలిలో ఎగిరినవాళ్ల వైపు నుంచి వస్తుంది. నాకు ఇదే గట్టిదనిపిస్తుంది. ఒటావాలోని కెనడా యుద్ధ మ్యూజియంలో బాంబు దాడుల గురించి చిన్న పలక ఒకటి పెట్టారు. ఆ దాడుల విలువ గురించీ నైతికత గురించీ ఇప్పటికీ వివాదం ఉందని, ఆరు లక్షల మంది జర్మన్లు చనిపోయారని, యాభై లక్షల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారని అందులో రాశారు. మాజీ వైమానికులు మండిపడ్డారు. తమను హంతకులుగా చూపిస్తున్నారని బాధపడ్డారు. విషయం సెనేట్ ఉపసంఘం దాకా వెళ్లింది. 2007లో మ్యూజియం ఆ పలకను తిరగరాసింది. వాళ్ల బాధ నిజమైనది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, పక్కన కూర్చున్న స్నేహితుల్లో సగం మందిని పోగొట్టుకున్న మనిషి, జీవితం చివర్లో ఒక గోడ తనను నిలదీస్తున్నట్టు నిలబడాలా? నిలబడనక్కర్లేదు. అయితే ఆ పలక మీద ఉన్న అంకెలు ఆ మనిషి మీద తీర్పు కావు. చనిపోయినవాళ్లు చనిపోయారు, అంతే. మ్యూజియానికి నా సలహా అడిగితే, అంకెలు తగ్గించమనను. దాని పక్కనే ఆ కుర్రాళ్ల నష్టాన్నీ, వాళ్లకు ఆజ్ఞ ఇచ్చినవాళ్ల పేర్లనూ అంతే పెద్ద అక్షరాలతో రాయమంటాను. అప్పుడు సందర్శకుడి వేలు ఎవరి వైపు తిరగాలో వాళ్ల వైపే తిరుగుతుంది. లక్ష్యాన్ని కథలోంచి తీసేస్తే జరిగేది మరొకటి: ఆజ్ఞ ఇచ్చినవాళ్లు కూడా దాంతోపాటే కథలోంచి జారిపోతారు. ‘తాతయ్య దేశం కోసం పోయాడు’ అన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. ఆ కుర్రాణ్ని ఏ పనికి పంపారు, ఎందుకు పంపారు, ఆ పని అంత ప్రాణనష్టానికి తగిన ఫలితం ఇచ్చిందా అని ఎవరూ అడగరు. లక్ష్యం దాచడం అతన్ని కాపాడటం అనుకుంటాం. నిజానికి అది పంపినవాళ్లను కాపాడుతుంది.

మనవలకు తీర్పు చెప్పే హక్కేముందని ఇంకొందరంటారు. తీర్పు ఎవరూ అడగడం లేదు. ఒక ఊరి పేరు రాయమంటున్నాం. అది సాధ్యమేనని లింకన్ నగరం చూపించింది. చుట్టుపక్కల అన్ని వైమానిక స్థావరాలున్నందుకు ఆ ప్రాంతాన్ని ‘బాంబర్ కౌంటీ’ అనేవారు. అక్కడ 2018లో మొదలైన అంతర్జాతీయ బాంబర్ కమాండ్ కేంద్రంలో, లాంకాస్టర్ రెక్కల పొడవంత, 102 అడుగుల ఎత్తున ఒక ఉక్కు స్తంభం, దాని చుట్టూ గోడల మీద దాదాపు 58 వేల పేర్లు ఉన్నాయి. అదే కేంద్రం సేకరించిన జ్ఞాపకాల్లో సిబ్బందివే కాక, బాంబుల కింద బతికిన జర్మన్లవీ ఇటాలియన్లవీ కూడా ఉన్నాయి. గ్రీన్ పార్క్ స్మారకం మీద సైతం 1939 నుంచి 1945 దాకా బాంబు దాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవాళ్లనూ తలుచుకునే వాక్యం ఒకటి చెక్కారు. వాక్యం చిన్నదే, కానీ అది పెట్టినందువల్ల కంచు విగ్రహాల ఎత్తు ఒక్క అంగుళం తగ్గలేదు. నెదర్లాండ్స్ 2019లో, తమ నేలలోనూ నీటిలోనూ మునిగివున్న విమానాల్లో సిబ్బంది అవశేషాలున్నవాటిని వెలికితీసే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్లిన్ దాడి నుంచి తిరిగొస్తూ 1943 మార్చిలో మార్కర్‌మేర్ సరస్సులో కూలిన స్టర్లింగ్ బాంబర్‌ను 2020లో పైకి తీశారు. పొడి అక్షరాలు చెక్కిన ఒక సిగరెట్ పెట్టె అది ఏ విమానమో తేల్చడానికి సాయపడింది. ఏడు కుటుంబాలకు జవాబు దొరికింది. ఆ వార్త రాసేటప్పుడు ‘బెర్లిన్ నుంచి’ అన్న మాట వదిలేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

తెలుగు పాఠకుడికి దీనితో పనేమిటంటారా? హైదరాబాద్ పేరు ఈ కథ మొదటి పేజీలోనే ఉంది. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా ఇచ్చిన విమానాలతో రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ యుద్ధరంగంలోకి దిగింది. అందుకే దాని పేరులో హైదరాబాద్ చేరింది, దాని చిహ్నంలో పులి నిలిచింది. అది ఎవరి ధనమో, ఏ రైతు కట్టిన శిస్తో చెప్పనక్కర్లేదు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన మొట్టమొదటి బాంబు దాడిలో ఆ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్‌లు ముందున్నాయి. దాడి చేసిన పది విమానాల్లో అయిదు తిరిగి రాలేదు. ఆ రోజు సిబ్బందికిచ్చిన ఆజ్ఞల్లో ఒడ్డున ఉన్న పౌరులకు హాని జరగకూడదన్నది ఒకటి. నాలుగేళ్లు తిరక్కుండానే హాంబర్గ్. కుర్రాళ్లు మారలేదు, ఆజ్ఞ మారింది. ఇక బాంబు కింద ఉండటం ఎలా ఉంటుందో మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు విడిచి పోయారు. ఆ విమానాల్లో కూర్చున్నవాళ్ల ఇళ్లలోనూ ఈపాటికి ఫొటోలకు దణ్ణాలు పెడుతూ ఉంటారు. ఆ దణ్ణాన్ని మనం కాదనలేం. విశాఖ పేరు కూడా వాళ్లకు తెలిసి ఉండాలని మాత్రం కోరుకుంటాం. హాంబర్గ్ కోరుకునేదీ అదే.

ఆ యుద్ధంలో భారత సైన్యంలో పాతిక లక్షల మంది పనిచేశారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. బర్మాలో, ఇటలీలో, ఉత్తర ఆఫ్రికాలో పోయినవాళ్లూ, తిరిగొచ్చి ఎవరికీ ఏమీ చెప్పకుండా కన్నుమూసినవాళ్లూ. ఇంట్లో అటక మీద పాత డిశ్చార్జి కాగితం, పతకం, రంగు వెలిసిన ఫొటో ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఫొటో వెనక పేరు రాయండి. పుట్టిన ఊరు రాయండి. పనిచేసిన చోటు రాయండి, అక్కడ ఏం జరిగిందో తెలిస్తే అదీ రాయండి. యుద్ధంలో పోయినవాళ్ల కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో పేరు పెట్టి ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు.